నాలుగు మణుగుల ఇనుముతో నాగాయలంక దాకా

గొప్ప చెప్పుకోవడం కాదు గానీ, నాలుగు వందల పన్నెండు రూపాయలు చెప్పిన ఇనుమును నూట నలభై ఎనిమిదికి తెగ్గొట్టి, అందులో ఒక్క ముక్క కూడా అక్కరకు రాకుండా కొనగలిగినవాడు బెజవాడ వన్‌టౌన్‌లో నేనొక్కణ్ణే. మా వీధిలో చింతపండు మొదలుకొని పెళ్లి మేళం దాకా బేరమాడే మొనగాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లెవరికీ ఈ ఘనత లేదు.

ముందు బండి సంగతి చెప్పాలి. మిలిటరీ వాళ్లు వేలంలో వదిలించుకున్న పాత జీపు ఒకటి మైలవరంలో ఒక కంట్రాక్టరు దగ్గర ఉందని తెలిసి, నేనూ మా బావగారూ చెరిసగం వేసుకుని నాలుగు వేల మూడు వందలకు కొన్నాం. మా అక్క మొగుడైన ఈ బావగారు మునిసిపల్ హైస్కూల్లో సైన్సు మాస్టారు. బండి నడపడం ఎన్‌సీసీలో నేర్చుకున్నారు. ఆయన సగం ప్రావిడెంటు ఫండు మీద తీసిన అప్పు. నా సగం కొట్టు గల్లాలోది.

ఎందుకు కొన్నామంటే నావైపు నుంచి ఒకటే కారణం. మాది హోల్‌సేల్ కిరాణా. బస్తాల మీద నీలి సిరాతో ఊళ్ల పేర్లు రాయడం పదో ఏట నుంచీ నా పని. చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ, నాగాయలంక అని ముప్పై ఏళ్లు రాశాను. ఒక్క ఊరూ చూడలేదు. మా చింతపండు చూసినంత దేశం నేను చూడలేదన్న మాట. నాగాయలంక తర్వాత ఏముంటుందని మా నాన్ననడిగితే, "తర్వాత బాకీలుండవు" అనేవాడు. అక్కడ సముద్రం ఉంటుందని భూగోళం పుస్తకంలో చదివి తెలుసుకున్నాను.

మా అక్కకు ఈ కొనుగోలు నచ్చలేదు. ఆవిడ పెట్టిన షరతు చిన్నదే. జీపు సముద్రం దాకా వెళ్లి, తన చక్రాల మీద తాను ఇంటికి రావాలి. వస్తే ఉంచుకోవచ్చు. ఎవరైనా లాక్కొచ్చి దింపితే, సోమవారం పొద్దున్నే పాత ఇనుము వ్యాపారికి అమ్మేసి ప్రావిడెంటు ఫండు అప్పు తీర్చెయ్యాలి. బావగారు ఒప్పుకున్నారు. నేనూ తలూపాను.

ఆటోనగర్

మా జీపును చూసిన మస్తాన్ మేస్త్రీ ఇంజను కింద దూరి, బయటికొచ్చి, చేతులు తుడుచుకుంటూ ఒక జాబితా చెప్పాడు. బావగారు రాసుకున్నారు. ఫ్యాను బెల్టు ఒకటి, కండెన్సరు, పాయింట్లు, పెట్రోలు పంపుకు డయాఫ్రం, రేడియేటరు రబ్బరు గొట్టం, కాస్త రాగి తీగ, ఒక బట్టల సబ్బు. సబ్బెందుకని అడిగాను. పెట్రోలు టాంకీ కారితే దాంతో మెత్తుతారట. మొత్తం కలిపి ఒక చేతిసంచిలో పడుతుంది. ముప్పై రూపాయలు దాటదు.

"అసలైనవేవీ చెప్పలేదేం? క్రౌను పినియను, యాక్సిలు షాఫ్టు?" అన్నాను. బండి కొన్న వారంలో నేర్చుకున్న మాటలు.

"పెద్దది ఇరిగితే రోడ్డు మీద మీరు బిగించలేరు శెట్టిగారూ. చిన్నది పోతే బండి కదల్దు. పోయేది సంచిలో పెట్టుకోండి, ఇరిగేది నాకొదిలెయ్యండి. ఈ ఫ్యాను బెల్టు పర్రెలిచ్చింది, వంద మైళ్లొస్తే గొప్ప" అని, ఫలానా కొట్టుకు పోయి తన పేరు చెప్పమన్నాడు.

'నా పేరు చెప్పండి' అన్న మాట వింటే మా వంశంలో ఎవరికైనా ఒకటే అర్థమవుతుంది. కమీషను. పైగా ఆ కొట్టు గోడ మీద 'బేరములు లేవు' అని బోర్డు. మా ఇంట్లో ఆ బోర్డును 'ధరలు ఎక్కువ' అని చదువుతారు.

ఫ్యాను బెల్టు తొమ్మిది రూపాయలన్నాడు. ఏడన్నాను. "తొమ్మిదండీ" అన్నాడు. ఏడున్నర అన్నాను. అతను పేపరు మళ్లీ విప్పుకున్నాడు.

ఇలాంటప్పుడు చేయవలసింది నాకు ఉగ్గుపాలతో నేర్పారు. లేచి గుమ్మం దాటాలి. మొదటి అడుగుకు కొట్టువాడు "మీ ఇష్టం" అంటాడు. రెండో అడుగుకు "అయితే ఎంతిస్తారు" అంటాడు. మూడో అడుగుకు "రండి, రండి, ఇలా కూర్చోండి" అంటాడు. వన్‌టౌన్‌లో సగం వ్యాపారం ఆ మూడడుగుల్లోనే జరుగుతుంది. నేను మూడూ వేశాను. నాలుగోది, ఐదోది కూడా వేశాను. ఎదురుగా సోడా కొట్టు ముందు నిలబడి, అక్కరలేని సోడా ఒకటి తాగాను. అతను పేపరు రెండో పేజీ తిప్పాడు. పిలవని కొట్టుకు తిరిగి వెళ్లడమనేది మా ఇంట్లో ఎవరూ ఎరుగరు. అలా కండెన్సరు, డయాఫ్రం, బెల్టు అన్నీ ఆ గుమ్మం లోపలే ఉండిపోయాయి.

ఆ మంటతో వెనక సందులోని పాత సామాన్ల వైపు వెళ్లాను. అక్కడ మనుషులు పిలుస్తారు. క్రౌను పినియను అరవై ఐదుకు, యాక్సిలు షాఫ్టు నలభైకి, డైనమో ఇరవై ఎనిమిదికి, స్టీరింగు బాక్సు పదిహేనుకు. మూడు గంటలు పట్టింది. చివరిది కొనాలని కూడా లేదు, వాడు అరవై చెప్పి పదిహేనుకు దిగితే వదలబుద్ధి కాలేదు. పెట్టెలో పెట్టిస్తే నాలుగు మణుగులు, అంటే ఇద్దరు పట్టి ఎత్తవలసినంత తూగింది.

బావగారు పెట్టె మూత ఎత్తి చూసి, "బెల్టేదోయ్?" అన్నారు.

"ఉన్నది బాగానే ఉంది బావగారూ" అన్నాను.

చల్లపల్లి

గురువారం పొద్దున బయలుదేరి, కాలవల పక్కనే పోయి పోయి, మధ్యాహ్నం దాటాక చల్లపల్లి చేరాం. బస్తా మీద రాసేటప్పుడు ఆ ఊరు నాలుగు అక్షరాలే. చూస్తే పాత జమీందారీ ఊరు. దివాణం గోడలు చూడమని బావగారంటే, నేను కొట్లు చూస్తానన్నాను.

మా సరుకు కొనే చిన్న కిరాణా కొట్టు ఒకటి వెతుక్కుంటూ వెళ్లి, నేనెవరో చెప్పకుండా పావుకిలో బెల్లం అడిగాను. కొట్టాయన ముందు ఒక ముక్క విరిచి నా చేతిలో పెట్టి, ఆ తర్వాత తూచాడు. ఇదేమిటన్నాను. "కొసరండీ" అన్నాడు. మా దగ్గర కొసరు తూకం అయ్యాక ఇస్తాం, అదీ అడిగితేనే, అడిగినవాడి ముఖం చూసి. ఇక్కడ ముందే ఇచ్చేస్తే మరి కొనేవాడు దేనికోసం పోట్లాడతాడని అడిగాను. "పోట్లాట ఎందుకండీ?" అని ఆయన నన్నే వింతగా చూశాడు. ఆ బెల్లం ముక్క నోట్లో వేసుకుని చాలాసేపు ఆలోచించాను. బెల్లం మాదే.

రాత్రి పూటకూళ్లమ్మగారింట్లో భోజనం. మనిషికి రూపాయి పావలా. గోంగూరలోకి ఉల్లిపాయ కొరుక్కోమని పక్కన పెట్టింది. అప్పు సంగతి బావగారు మొదటిసారి నోరు తెరిచి చెప్పింది అక్కడే. నెల నెలా జీతంలో కోత, ఇంకా ఇరవై నాలుగు వాయిదాలు. "బండి నిలిస్తే ఆదివారాలు పిల్లల్ని తిప్పొచ్చు. పోతే మీ అక్కకు రెండేళ్లు సమాధానం చెప్పాలి" అన్నారు. ఆ తర్వాత బెల్టు మీద పగుళ్లు ఇంకాస్త పెరిగాయని, ఇక్కడెక్కడైనా దొరుకుతుందేమో అడుగుదామని అన్నారు. వచ్చేటప్పుడు చూద్దామన్నాను.

పులిగడ్డ

నది మీద వంతెనలుంటాయని ఎవరికైనా తెలుసు. పులిగడ్డ దగ్గర కృష్ణ పాయ మీద కాలవే వంతెనగా పోతుంది. కింద నీళ్లు, పైన నీళ్లు. బావగారు బండి ఆపి, సైన్సు మాస్టారు కదా, నాకు అక్విడక్టు పాఠం చెప్పారు. నాకు వేరే సందేహం వచ్చింది. పైనీళ్లు దివిసీమ రైతుకి పోతాయి, కిందినీళ్లు ఊరికే సముద్రంలోకి పోతాయి. రెండూ ఒకే నదివి. ఒకటి పన్ను కడుతుంది, రెండోది కట్టదు. ఈ మాటంటే ఆయన నవ్వి, "నువ్వు మోక్షానికి కూడా రసీదు అడుగుతావోయ్" అన్నారు.

నాగాయలంక దాటాక

నాగాయలంక తర్వాత ఎనిమిది మైళ్లు ఉప్పునేల, బురద, మడచెట్లు. శుక్రవారం సాయంత్రానికి సముద్రం ఒడ్డున ఒక జాలరిపల్లె చేరాం. సముద్రాన్ని చూసి నాకేమనిపించిందో రాయాలని ఉంది గానీ, నిజం చెబితే మొదట వాసనే తెలిసింది. చేప పేరు ఎత్తితే స్నానం చేయమనే ఇంట్లో పుట్టినవాణ్ణి. పల్లెలో గోడల మీద, తాళ్ల మీద, చాపల మీద ఎండుతున్నది అదే. ఆ రాత్రి మా ఊరూ కొట్టూ అడిగినవాళ్లందరికీ చెప్పి, బడి వరండాలో పడుకుని, రుమాలు ముక్కు మీద వేసుకుని, తెల్లారేసరికి దాన్ని తీసేశాను. అలవాటైంది.

పొద్దున్నే పడవలు వచ్చాయి. ఇసుక మీద రొయ్యలు కుప్పలు పోసి వేలంపాట పాడుతున్నారు. ఇది చూడటానికే నాలుగు మైళ్లు అదనంగా నడిచి రమ్మన్నా వచ్చేవాణ్ణి. ఒకామె "ముప్పై" అంది. ఇంకొకాయన "ముప్పై నాలుగు". మొదటామె "ముప్పై ఆరు". అయిపోయింది. కుప్ప గంపలోకి ఎక్కింది. మా వీధిలో మేం కుర్చీలు వేసుకునేంత సేపట్లో ఇక్కడ ఆరు కుప్పలు అమ్ముడైపోయాయి. ఒకాయన పాట మధ్యలో నాలుగడుగులు పక్కకు వెళ్లాడు. నేను ఆసక్తిగా చూస్తున్నాను, ఎవరు పిలుస్తారా అని. ఎవరూ పిలవలేదు. వెళ్లినవాడు వెళ్లినట్టే లెక్క.

ఏడింటికి తిరుగు ప్రయాణానికి బండి తీశాం. వంద గజాలు పోయేసరికి ముందు నుంచి చెంప మీద కొట్టినట్టు చప్పుడైంది. బానెట్ ఎత్తి చూస్తే బెల్టు తెగి వేలాడుతోంది. బెల్టు లేకపోతే ఫ్యాను తిరగదు, నీళ్ల పంపు తిరగదు, రేడియేటరు మరిగిపోతుంది. బావగారు నావైపు చూడలేదు. పెట్టె వైపు చూశారు. అది ఇంకా అధ్వాన్నం.

తిరుపతమ్మ

ఇందాక ముప్పై ఆరుకు పాట కొట్టిన ఆమే మా దగ్గరికి వచ్చింది. పేరు తిరుపతమ్మ. పడవల దగ్గర రొయ్యలు కొని, అవనిగడ్డకు వచ్చే ఐసు లారీకి అమ్ముతుంది. రోజూ నాగాయలంక దాకా ఎద్దుబండి, అక్కణ్ణుంచి బస్సు. నిన్నటి నుంచి బస్సు రావడం లేదు. లారీ పదింటికి వెళ్లిపోతుంది. ఆ నాలుగు గంపల్లో ఆమె సొంత డబ్బు ఉంది. అంతేగాక పడవ వాళ్లకు ఇచ్చిన మాట కూడా ఉంది.

"తాడు నేనిప్పిస్తా. మా మావ అల్లి కడతాడు. నాలుగు గంపలూ నేనూ పది లోపల అవనిగడ్డలో ఉండాల" అంది.

రెండు గంపలైతే పడతాయన్నాను. నాలుగంది. మూడన్నాను. నాలుగే అంది. కాళ్లు వాటంతట అవే కదిలాయి. మూడడుగులు వేసి, పిలుపు కోసం చెవి ఒగ్గి, వెనక్కి తిరిగి చూస్తే ఆమె నాకన్నా ఎక్కువ దూరం నడిచి ఉంది. నాగాయలంకలో ఇంకే బండైనా దొరక్కపోదని, ఎద్దుబండి కోసం వెళుతోంది.

జీవితంలో మొదటిసారి బేరం వెంట పరిగెత్తాను.

"శెట్టిగారూ, మీ చింతపండు వచ్చే ఏడాదికి కూడా చింతపండే," అంది ఆగకుండానే. "నా రొయ్య ఎండెక్కితే ఎరువు. ఒక్క మాట చెప్పండి."

నాలుగు గంపలకూ ఒప్పుకున్నాను.

ఆమె మేనమామ వలలు అల్లే ముసలాయన. పాత బెల్టును మూర వేసి చూసి, నైలాను దారాలు పేని, కొనను కొనలోకి దూర్చి అల్లి, ముడి కనపడకుండా గుండ్రటి తాడు చేశాడు. ముడి వేస్తే త్వరగా అవుతుంది కదా అన్నాను. "ముడుంటే కప్పీ మీద ఎగురుద్ది బాబూ" అన్నాడు. అలాంటివి మూడు చేశాడు. ఒకటి బిగించాం. రెండు చేతిలో పెట్టాడు.

ఇక గంపలు ఎక్కించాలి. వెనక సీటు చోటంతా నా పెట్టెది.

"ఆ పెట్టెలో ఏముంది?" అంది తిరుపతమ్మ.

"స్పేరు పార్టులు."

"మరి ఈ బెల్టు?"

"అదొక్కటి లేదు."

పురుగు పట్టిన కందిపప్పును మా నాయనమ్మ ఎలా చూసేదో అలా చూసింది నన్ను. అప్పుడు, ఆ ఇసుకలో నిలబడి, రెండోసారి స్పేర్లు ఎంచుకున్నాను. ఈసారి ధర అడగవలసినవి ఏవీ లేవు. ముందున్నది పద్దెనిమిది మైళ్ల బురదదారి. నీళ్లు కావాలి. తాళ్లు కావాలి. పంక్చరు అతుకులు కావాలి. క్రౌను పినియను అక్కర్లేదు. నాలుగు మణుగులూ దింపేశాను.

అయినా ఊరికే వదిలిపెట్టడానికి మనసొప్పక, పడవ లంగర్లకు పనికొస్తుంది, నలభై ఇవ్వమని తిరుపతమ్మను అడిగాను. మూడంది. ఎండ వైపు చూశాను. సరేనన్నాను. నూట నలభై ఎనిమిది రూపాయల సరుకును మొదటి మాటకే మూడు రూపాయలకు ఇచ్చేశాను. మా తాతగారు పైనుంచి చూడకుండా ఉంటే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది.

అవనిగడ్డకు ముక్కాలు మైలు

మొదటి తాడు ఐదు మైళ్లు వచ్చింది. సాగినప్పుడల్లా దిగి, బండికున్న డైనమోను జరిపి తాడు బిగించాం. రెండోది తొమ్మిది. మూడోది కొత్తగానే ఉంది, ఊరు కనిపిస్తోంది అనుకుంటుండగా ఒక గుంతలో పడి లేచేసరికి తెగిపోయింది. రాయి మీద ముక్కాలు మైలు అని ఉంది. నా గడియారంలో పదికి పదిహేను నిమిషాలు.

బావగారు బండి ఆపారు. ఆయన చెప్పింది సైన్సు. ఇప్పుడు చల్లారనిస్తే ఇంజను బతుకుతుంది, గంట తర్వాత ఏదో ఒక తాడు కట్టుకుని మెల్లగా బెజవాడ పోవచ్చు. నీళ్లు తిరక్కుండా ఈ బరువుతో ఈ బురదలో తోలితే హెడ్డు పగులుతుంది.

తిరుపతమ్మ గంప మీది తడి గోనెను సర్దుకుంటోంది. ఏమైనా అని ఉంటే బేరమాడేవాణ్ణేమో.

"పోనివ్వండి బావగారూ" అన్నాను.

"ఇరవై నాలుగు వాయిదాలోయ్."

"తెలుసు. పోనివ్వండి."

ఆయన స్టీరింగు సరిచేసుకున్నారు. తర్వాత గేరు వేశారు. పావు మైలుకే ఆవిరి కమ్మింది. దారి కనపడక నేను పక్కకు వంగి 'ఎడమ, కుడి' చెప్తూ ఉన్నాను. ఊరు మొదట్లో లోపల ఎక్కడో 'టక్' మని వినపడింది. బావగారు కాలు తీయలేదు. ఐసు లారీ ఇంజను స్టార్టు చేసుకుని ఉండగా దాని ముందుకు వెళ్లి, అక్కడే మా బండి ఆగిపోయింది. ఆ తర్వాత ఎన్నిసార్లు తిప్పినా తిరగలేదు.

గంపలు నాలుగూ తూకానికి ఎక్కాయి. రొయ్యలు మంచివేనన్నాడు లారీ ఏజెంటు. తిరుపతమ్మ డబ్బు లెక్కపెట్టి, రొంటిన దోపుకుని, మా దగ్గరికి వచ్చి పొగలు కక్కుతున్న ఇంజన్ను కాసేపు చూసింది.

"మీ ఇనుం మా ఇంటికాడే ఉంటది. కావాలంటే మూడు రూపాయలే ఇచ్చి పట్టకపోండి" అంది. వ్యాపారంలో లాభం అడగని మాట నేను విన్నది అదొక్కటే.

లారీ ఇంకా కదలకముందే ఊళ్లో ఒక మేస్త్రీ వచ్చి ఆయిలు పుల్లతో తీసి చూపించాడు. నీళ్లు కలిసి పాలు పోసిన కాఫీలా ఉంది. హెడ్డు పగిలింది, ఇక్కడ పని కాదన్నాడు. ఆ ఐసు లారీయే బెజవాడ పోతుందంటే, దాని వెనక కట్టించాం. డ్రైవరు అరవై అడిగాడు, నలభైకి తెచ్చాను. అలవాటు ఎక్కడికి పోతుంది.

ఇల్లు

లారీ దారిలో ఊరూరా ఆగి గంపలు ఎక్కించుకుంటూ రాగా, శనివారం దీపాలు పెట్టేవేళకు మా వీధిలోకి దిగాం. అక్క గుమ్మంలో నిలబడి లారీని చూసింది, తాడును చూసింది, మొగుణ్ణీ తమ్ముణ్ణీ చూసింది. మా మీద నుంచి గాలి అటు వీచింది కాబోలు, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ముందు స్నానాలు చేయండి. తర్వాత మాట్లాడుకుందాం" అంది. తర్వాత కూడా ఎక్కువ మాట్లాడలేదు. హెడ్డు మార్చడానికి ఐదారు వందలవుతుందని మస్తాన్ చెప్పి పంపినా, మాట మాటే. సోమవారం ఇనుము వ్యాపారి పందొమ్మిది వందల దగ్గర మొదలుపెట్టాడు. రెండు గంటలు కూర్చుని రెండు వేల మూడు వందల యాభైకి పెంచాను. నాలుగు పాత టైర్లను కొత్తవన్నట్టు మాట్లాడటం మామూలు సంగతి కాదు.

లెక్క

జీపు నాలుగు వేల మూడు వందలు. స్పేరు ఇనుము నూట నలభై ఎనిమిది. పెట్రోలు అరవై. ఇద్దరి తిండి, బస ఇరవై మూడున్నర. లారీకి నలభై. అన్నీ కలిపి నాలుగు వేల ఐదు వందల డెబ్బై ఒకటిన్నర. రాబడి, జీపు మీద రెండు వేల మూడు వందల యాభై, తిరుపతమ్మ దగ్గర మూడు. నికర నష్టం రెండు వేల రెండు వందల పద్దెనిమిది రూపాయల యాభై పైసలు.

చెరిసగం అని మొదట్లోనే అనుకున్నాం. లాభం వచ్చి ఉంటే అలాగే పంచేవాణ్ణి. కానీ బెల్టు కొనకుండా వచ్చింది నేను, పోనివ్వమన్నది నేను. అందుకని బావగారి రెండు వేల నూట యాభై ఆయన చేతిలో పెట్టాను. ఆయన ఒప్పుకోలేదు. గేరు వేసింది తన చెయ్యే కాబట్టి వెయ్యి రూపాయల నష్టం తనదన్నారు. నేను సున్నా అన్నాను. ఆయన ఏడు వందలకు దిగారు. నేను పదికి ఎక్కాను. అక్క రెండుసార్లు కాఫీ ఇచ్చి వెళ్లింది. ఆయన లేచి గుమ్మం దాటబోతే నేనే పిలిచి కూర్చోబెట్టాను.

చివరికి తెగింది. మాస్టారి వాటా యాభై రూపాయలు. నాది రెండు వేల నూట అరవై ఎనిమిదిన్నర.